‘మిస్‌ఫైర్’ అని రాసే ముందు

‘తుపాకీ మిస్‌ఫైర్.. కానిస్టేబుల్ మృతి’. జిల్లా పేజీలు చదివేవాళ్లకు ఈ శీర్షిక కొత్త కాదు. మనిషి పేరు, ఊరు మారుతుంటాయి, శీర్షిక మారదు. టీవీలో స్క్రోలింగ్ అదే, పోలీసు ప్రెస్‌నోట్‌లో మొదటి వాక్యం అదే, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వచ్చేదీ అదే. అయితే ఆయుధాలు పట్టుకునేవాళ్ల భాషలో మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. మందు చెమ్మగిల్లినా, అడుగున ఉండే ప్రైమర్ చెడిపోయినా, ఫైరింగ్ పిన్ గట్టిగా తగలకపోయినా ఇలా జరుగుతుంది. మిస్‌ఫైర్ అయిన తుపాకీతో ఆ క్షణానికి ఎవరి ప్రాణమూ పోదు. పేలకూడని వేళ పేలితేనే మనిషి పోతాడు. దాన్ని ప్రమాదవశాత్తు పేలడం అంటారు.

జనం వాడుకలో స్థిరపడిన మాటను ఇప్పుడు సరిదిద్దడం ఎందుకని అడగొచ్చు. తప్పు అర్థంతో వాడుతున్న మాటలు భాషలో బోలెడున్నాయి, వాటి వల్ల ఎవరికీ నష్టం లేదు. ఈ మాటతో మాత్రం నష్టం ఉంది. మిస్‌ఫైర్ అనగానే తప్పంతా తుపాకీ మీదికి పోతుంది, మనిషి వాక్యంలోంచి తప్పుకుంటాడు. నిజానికి అలాంటి మరణం వెనక నాలుగు దారులున్నాయి. నిర్వహణలో అజాగ్రత్త, ఆయుధంలో లోపం, ఆ వ్యక్తి తానే కాల్చుకోవడం, లేదా పక్కనున్న మరొకరి చేయి. ఇందులో ఏది నిజమో తేల్చడానికే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 194వ సెక్షన్ కింద కేసు కడతారు, శవపంచనామా చేస్తారు, ఆయుధాన్ని ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు. అదంతా మొదలుకాకముందే ‘మిస్‌ఫైర్’ అని అచ్చువేస్తే నాలుగు దారుల్లో మూడింటిని మూసేసినట్టే. చనిపోయినవాడి భార్య రేపు అనుమానం ఉందంటే, పేపర్లో వచ్చిందే ఆమె ఎదుట నిలబడుతుంది.

అసలు అలా ఎలా పేలుతుందో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. డ్యూటీ దిగిన కానిస్టేబుల్ బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు భద్రపరిచే గది) ముందు నిలబడి తుపాకీ అప్పగిస్తాడు. అప్పగించే ముందు మ్యాగజీన్ తీయాలి. ఆ తర్వాత స్లైడో బోల్టో వెనక్కి లాగి, గొట్టం మొదట్లో ఉండే చాంబర్‌లో తూటా మిగిలిందేమో కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి. అప్పుడు ఇసుక బస్తాల వైపు మూతి పెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది మొదటి రెండు పనుల మధ్యే. మ్యాగజీన్ తీశాం కదా, ఖాళీ అయిపోయిందనుకుంటారు. అప్పటికే చాంబర్‌లోకి ఎక్కిన ఒక్క తూటా అక్కడే ఉంటుంది. శుభ్రం చేస్తుంటే పేలిందన్న వార్తల్లో వెతకాల్సింది ఆ తూటా సంగతే. విధానం ప్రకారం చాంబర్ చూశారా? పన్నెండు గంటల డ్యూటీ చేసిన కళ్లతో చూశారా? ఇసుక బస్తాలు అసలున్నాయా? ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్ ఆ తుపాకీని చివరిసారి ఎప్పుడు పరీక్షించాడు? విలేకరి అడగాల్సిన ఈ ప్రశ్నలన్నిటినీ ‘మిస్‌ఫైర్’ అనే ఒక్క మాట మింగేస్తోంది.

ఆ నాలుగు దారుల్లో ఆత్మహత్యది వేరే జాగ్రత్త. శ్రీహరికోటలో 2023 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, ఒక రోజు తేడాతో ఇద్దరు సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది ప్రాణాలు తీసుకున్నారు. ఇద్దరూ దూర రాష్ట్రాల నుంచి వచ్చి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రానికి కాపలా కాస్తున్నవాళ్లు. ఒకరి మరణానికి తుపాకీతో సంబంధం లేదు. రెండో మరణంలో ఉన్నది ఆయన సర్వీసు ఆయుధం. ఇలాంటి వార్తలో తుపాకీ వివరం ఎంత ఇవ్వాలన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు కూడా వేరే. ఆత్మహత్యల్లో పద్ధతిని వర్ణించవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకని ‘సర్వీసు ఆయుధం’ అంటే సరిపోతుంది. ఏ బోరు, ఎక్కడ తగిలింది, ఎలా పట్టుకున్నాడు అన్నవి పాఠకుడికి అక్కర్లేదు. కష్టంలో ఉండి ఆ వార్త చదివే మరొకరికి అవి హాని చేస్తాయి. పాఠకుడికి కావాల్సింది సెలవు దొరికిందా, డ్యూటీ ఎన్ని గంటలు, కౌన్సెలింగ్ ఉందా అన్న సంగతులు. 2018 నుంచి 2022 వరకు ఐదేళ్లలో కేంద్ర సాయుధ బలగాల్లో 654 మంది ఆత్మహత్య చేసుకున్నారని, వారిలో 91 మంది సీఐఎస్‌ఎఫ్ వాళ్లని కేంద్రం 2023 మార్చిలో రాజ్యసభకు చెప్పింది. శ్రీహరికోట మరణాలను ఆ లెక్క పక్కన పెట్టి చూస్తే ఒక ఊరి విషాదం దేశం సమస్యగా కనిపిస్తుంది. స్పష్టత కావాలంటే వివరాలన్నీ కుమ్మరించాలని కాదు. ఏ వివరం దేనికి పనికొస్తుందో తెలిసి రాయాలి.

శ్రీహరికోట పేరు ఎత్తడానికి ఇంకో కారణం ఉంది. దాని పక్కనే ఉన్న సూళ్లూరుపేట నుంచి రాసే మండల విలేకరులను గమనించండి. పీఎస్‌ఎల్‌వీలో ఒకటి, మూడు దశలు ఘన ఇంధనంతోనూ, రెండు, నాలుగు దశలు ద్రవ ఇంధనంతోనూ నడుస్తాయని వాళ్లకు కంఠతా వచ్చు. స్ట్రాపాన్, క్రయోజెనిక్, హీట్‌షీల్డ్, కౌంట్‌డౌన్ లాంటి మాటలను తెలుగిళ్లలోకి తెచ్చిందీ వాళ్లే. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 విఫలమైనప్పుడు ‘రాకెట్ గురి తప్పింది’ అని రాసి ఊరుకోలేదు. మూడో దశలో మోటారు చాంబర్‌లో పీడనం పడిపోయిందని ఇస్రో చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాశారు, పదో తరగతి పిల్లలకు కూడా అర్థమైంది. అదే విలేకరి, అదే డెస్కు, మర్నాడు తుపాకీ వార్తకు వచ్చేసరికి పిస్టల్, రివాల్వర్, గన్, రైఫిల్ అన్నీ ఒకటే అన్నట్టు రాస్తారు. తెలివి తక్కువై కాదు. రాకెట్ గురించి ఇస్రో బ్రోచర్ ఇస్తుంది, అడిగితే శాస్త్రవేత్త జవాబు చెబుతారు, తప్పు రాస్తే మర్నాడు ఫోన్ వస్తుంది. తుపాకీ గురించి స్టేషన్ నుంచి వచ్చేది వాట్సాప్‌లో నాలుగు లైన్లు. తప్పు రాస్తే సరిదిద్దేవాడు లేడు, కొన్నిసార్లు ఆ తప్పే కొందరికి సుఖంగా ఉంటుంది.

ఆ నాలుగు లైన్లలో ఎక్కువగా కనిపించే మాట ‘రౌండ్లు’. ‘దుండగులు మూడు రౌండ్లు కాల్పులు జరిపారు’ అంటే పోలీసుల లెక్కలో మూడు తూటాలు పేలాయని. ఒక రౌండు అంటే ఒక తూటా. ఓట్ల లెక్కింపు రౌండ్లకు అలవాటుపడిన పాఠకుడు మాత్రం ముమ్మారు కాల్పులు జరిగాయని, ఒక్కోసారి ఎన్ని పేలాయో తెలియదని అనుకుంటాడు. జనం మీద పోలీసు కాల్పులు జరిగినప్పుడు ఈ తేడా చిన్నది కాదు. ఖమ్మం జిల్లా ముదిగొండలో 2007 జులై 28న పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. అలాంటి చోట ఎన్ని తూటాలు పేలాయి, ఏ తుపాకుల నుంచి పేలాయి అన్నదే మొదటి లెక్క. ఏకే-47ను ఆటోమేటిక్ మీద పెడితే ట్రిగ్గర్ వదిలేదాకా తూటాలు వస్తూనే ఉంటాయి. పాత పాయింట్ 303 రైఫిల్‌తో ప్రతి తూటాకూ బోల్టు లాగాలి. మొదటిదానితో ఒక క్షణం తొందరపాటు చాలు. రెండోదానితో ఏడుసార్లు కాల్చాలంటే ఏడుసార్లు నిర్ణయం తీసుకోవాలి. ‘పోలీసులు కాల్పులు జరిపారు’ అన్న వాక్యంలో ఈ తేడాకు చోటు లేదు.

పిస్టల్‌కు, రివాల్వర్‌కు తేడా కూడా పండితుల గొడవ కాదు. రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్‌లో ఉంటాయి. కాల్చిన తర్వాత ఖాళీ తొడుగు అందులోనే ఉండిపోతుంది. పిస్టల్ కాల్చిన ప్రతిసారీ ఖాళీ తొడుగు ఎగిరి బయట పడుతుంది. హత్య జరిగిన చోట ఖాళీ తొడుగులు దొరికాయంటే పిస్టల్ వైపు చూడాలి, లేదా రివాల్వర్‌ను అక్కడే ఎవరైనా ఖాళీ చేశారా అని అడగాలి. ‘రివాల్వర్‌తో కాల్చి పరారయ్యారు, ఘటనా స్థలంలో మూడు ఖాళీ బుల్లెట్లు దొరికాయి’ అని రాసినప్పుడు రెండు ముక్కలు ఒకదానితో ఒకటి పొసగవు. పైగా ‘ఖాళీ బుల్లెట్’ అనేది ఉండదు. తూటా అంటే తొడుగు, ప్రైమర్, మందు, ముందు భాగాన ఉండే సీసపు గుండు కలిసిన మొత్తం. ఒంట్లోంచి డాక్టర్ తీసేది గుండు. నేల మీద దొరికేది తొడుగు. రెంటి మీదా వేరు వేరు గుర్తులుంటాయి. గుండు మీద గొట్టంలోని మరల గీతలు, తొడుగు మీద ఫైరింగ్ పిన్ దెబ్బ. ఢిల్లీలో 1999లో జరిగిన జెస్సికా లాల్ హత్య కేసు అంతా ఒక దశలో రెండు ఖాళీ తొడుగుల చుట్టూ తిరిగింది. హత్యాయుధం దొరకలేదు. ఆ రెండూ ఒకే తుపాకీవా, రెండు తుపాకులవా అన్న సందేహం నిందితులకు కలిసొచ్చి 2006 ఫిబ్రవరిలో కింది కోర్టులో కేసు వీగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ తీర్పును తిరగరాసి ప్రధాన నిందితుడికి శిక్ష వేసింది. బుల్లెట్‌కు, తొడుగుకు తేడా తెలియని పాఠకుడు ఆ కేసు ఎందుకు పోయిందో, మళ్లీ ఎలా నిలిచిందో అర్థం చేసుకోలేడు.

చుక్కతో వచ్చే చిక్కు మరొకటి. పాయింట్ 32 రివాల్వర్ అంటే గొట్టం వ్యాసం అంగుళంలో వందకు 32 వంతులు, సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. ప్రెస్‌నోట్‌లోని చుక్క టైపింగులో ఎగిరిపోతే, ఎవరో పక్కన ‘ఎంఎం’ చేరుస్తారు. ‘32 ఎంఎం రివాల్వర్’ అచ్చవుతుంది. 32 మిల్లీమీటర్లంటే అంగుళంపావు గొట్టం, అలాంటి రివాల్వర్‌ను ఎవడూ జేబులో పెట్టుకోలేడు. ఇది చూసి నవ్వి ఊరుకునే సంగతి కాదు, ఎందుకంటే కొలతను బట్టే చట్టం మారుతుంది. 9 ఎంఎం, పాయింట్ 38, పాయింట్ 303, 7.62 ఎంఎం మన దేశంలో నిషిద్ధ బోర్లు, పాయింట్ 32 కాదు. 2019 సవరణ తర్వాత ఆయుధ చట్టంలో లైసెన్సు లేని మామూలు తుపాకీ ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు, నిషిద్ధ ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. పట్టుబడిన కుర్రాడికి పడే శిక్షలో ఏళ్ల తేడా ఉన్న వివరం అది. అతని తల్లిదండ్రులకు విషయం ముందు తెలిసేది పేపర్లోనే.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎక్కువ అన్యాయం జరుగుతున్నది ‘నాటు తుపాకీ’ అన్న మాటతో అని నా అభిప్రాయం. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు ఊళ్లలో నాటు తుపాకీ అంటే మూతి నుంచి మందు పోసే తుపాకీ. గొట్టంలోకి నల్లమందు పోస్తారు, పైన గుడ్డపీలికో కొబ్బరిపీచో కుక్కుతారు, సీసపు గుళ్లు వేసి మళ్లీ కుక్కుతారు, పొడుగాటి ఇనుపకడ్డీతో దట్టిస్తారు. వెనక ఉన్న చిన్న ముక్కు మీద టోపీ పెడితే, గుర్రం వచ్చి దాన్ని కొడుతుంది. ఒకసారి పేల్చాక రెండోసారికి ఈ తతంగమంతా మళ్లీ మొదలు. దీనికి తూటాలుండవు. ‘నాటు తుపాకీ, ఐదు తూటాలు స్వాధీనం’ అన్న వార్త కనిపిస్తే ఆ తుపాకీ ఈ రకం కాదన్నా అనుకోవాలి, తూటాలు ఇంకెక్కడివో అన్నా అడగాలి. మరోవైపు బిహార్ ముంగేర్ నుంచి రైల్లో వచ్చే తపంచాను కూడా మన పేపర్లు నాటు తుపాకీ అనే రాస్తున్నాయి. అది తూటాతో పేలే చిన్న చేతి ఆయుధం, దోపిడీకి, హత్యకు వాడేది. అడవిపంది నుంచి వేరుశనగ చేను కాపాడుకునే రైతును, కిరాయి హంతకుణ్ని ఒకే మాటతో పిలిస్తే ఎస్పీ ప్రెస్‌మీట్‌లో బల్ల మీద వరసగా పేర్చిన తుపాకుల ఫొటో ఒకే రకంగా భయపెడుతుంది. చట్టం వాళ్లిద్దరినీ అలా కలపలేదు. పంట రక్షణ కోసం మూతిమందు తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి రైతు చేతిలో నాటు తుపాకీ అని రాసేటప్పుడు లైసెన్సు ఉందా, గడువు తీరిందా, అసలు లేదా అన్న ఒక్క మాట తప్పనిసరిగా ఉండాలి. పందుల కోసం పెట్టే నాటుబాంబు పశువు నోట్లో పేలిన వార్తలోనూ ఇదే తిప్పలు. దాన్ని ‘బాంబు పేలుడు’ అని శీర్షిక కడితే ఫ్యాక్షన్ రోజులు చూసిన రాయలసీమ పాఠకుడి గుండె ఒక్కసారి ఆగుతుంది.

మనవాళ్లకు ఈ జాగ్రత్త చేతకాదని మాత్రం నేను అనను. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కాన్వాయ్ మీద దాడి జరిగినప్పుడు తెలుగు పత్రికలు ‘మందుపాతర’తో సరిపెట్టలేదు. క్లెయిమోర్ మైన్ అంటే ఏమిటో, నేలలో పాతే మందుపాతరకూ దానికీ తేడా ఏమిటో, ఒకే దిక్కుకు ముక్కలు ఎలా చిమ్ముతుందో బొమ్మలు వేసి చెప్పాయి. ఆ మాట ఈరోజుకీ తిరుపతి ఆటోడ్రైవర్లకు కూడా తెలుసు. బాధితుడు ముఖ్యమంత్రి కాబట్టి అంత శ్రద్ధ పెట్టారు. చిత్తూరులో 2015 నవంబర్ 17న మేయర్ కఠారి అనురాధను కార్పొరేషన్ ఆఫీసులోనే కాల్చి చంపి, ఆమె భర్త మోహన్‌ను కత్తులతో పొడిచినప్పుడు కూడా తుపాకీ ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్న చాన్నాళ్లు వార్తల్లో నిలిచింది. పేరున్నవాళ్లకు దక్కిన ఆ శ్రద్ధ పేరులేనివాళ్లకు దక్కడం లేదు.

అదే ఏడాది ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో చంద్రగిరి దగ్గర 20 మంది ఎర్రచందనం కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎక్కువమంది తమిళనాడు కొండ ఊళ్ల పేదలు. రాళ్లు, గొడ్డళ్లతో దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు అన్నారు. పట్టుకున్నాక కాల్చారని హక్కుల సంఘాలు అన్నాయి. రెండు మాటల మధ్య సాక్ష్యం చెప్పగలిగేది గాయమే. తుపాకీ మూతిని ఒంటికి ఆనించి కాలిస్తే చర్మం కమిలి, మసి గాయం లోపలికి పోతుంది. రెండు మూడు అడుగుల లోపు నుంచి కాలిస్తే కాలని మందు రేణువులు చర్మంలో పచ్చబొట్టులా గుచ్చుకుంటాయి. ఇంకా దూరమైతే గుండు చేసిన రంధ్రం తప్ప ఏమీ ఉండదు. పోస్టుమార్టం నివేదికలో ఈ మాటలు విడివిడిగా ఉంటాయి. మన వార్తల్లో మాత్రం అన్నిటికీ ‘పాయింట్ బ్లాంక్’ ఒక్కటే. అసలు పాయింట్ బ్లాంక్ అంటే గుండు కిందికి వాలేలోపు, తుపాకీ మూతి ఎత్తకుండానే గురి తగిలే దూరం. అది ఆయుధాన్ని బట్టి చాలా మీటర్లు కూడా ఉండొచ్చు. ‘ఆనించి కాల్చారా’ అని డాక్టర్‌ను అడిగిన విలేకరి, ‘పాయింట్ బ్లాంక్’ రాసిన విలేకరి కంటే నిజానికి ఎంతో దగ్గరగా వెళ్తాడు.

ఇదంతా విలేకరి నెత్తిన వేసి తప్పించుకోలేం. మండల కంట్రిబ్యూటర్‌కు అచ్చైన లైన్ల లెక్కన వచ్చే కాస్త డబ్బుతో (లైన్ అకౌంట్), రాత్రి ఎనిమిది డెడ్‌లైన్‌తో, రేపు మళ్లీ అదే స్టేషన్ మెట్లు ఎక్కాల్సిన అవసరంతో అతను ఎస్సైని ఎంత గట్టిగా అడగగలడు? మొదటి బాధ్యత ప్రెస్‌నోట్ రాసే జిల్లా పోలీసు కార్యాలయానిది. స్వాధీనం చేసుకున్నప్పుడు రాసే పంచనామాలో ఆయుధం రకం, బోరు, నంబరు, తూటాలెన్ని, తొడుగులెన్ని, లైసెన్సు ఉందా లేదా అన్నీ రాసే ఉంటాయి. అవే వివరాలు ప్రెస్‌నోట్‌లోకి రావడానికి ఖర్చేమీ లేదు. దర్యాప్తుకు అడ్డమయ్యే వివరం ఉంటే ఆపొచ్చు, ఆపినట్టు చెప్పాలి. రెండో బాధ్యత డెస్కుది. తుపాకీ వార్త పేజీలో పెట్టే ముందు సబ్ ఎడిటర్ చూడాల్సినవి కొన్నే. ఆ తుపాకీకి ఆ తూటా సరిపోతుందా, బోరు అంకెలో చుక్క ఉందా, ‘రౌండ్లు’ ఉన్న చోట ‘తూటాలు’ అని రాయొచ్చా, ఎయిర్‌గన్‌ను తుపాకీ అని రాశామా? 4.5 మిల్లీమీటర్ల లోపు గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పిట్టలు కొట్టే ఆ గన్‌తో దొరికిన పిల్లాణ్ని ‘తుపాకీతో పట్టుబడ్డ యువకుడు’ అని ఫొటోతో సహా వేస్తే, ఆ ముద్ర చెరపడానికి ఏ సవరణా చాలదు.

‘మిస్‌ఫైర్’కు బదులు ఏం రాయాలి? నిజంగా తెలిసినంతే. ‘తుపాకీ పేలి కానిస్టేబుల్ మృతి, ఎలా పేలిందో దర్యాప్తులో తేలాలి’ అంటే శీర్షికకు నాలుగు అక్షరాలు ఎక్కువవుతాయి, అంతకంటే ఏమీ కాదు. ఆ తర్వాత చేయాల్సిన పని మరొకటుంది. ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. తుపాకీ, తూటా తొడుగు, చేతుల మీద మందు ఆనవాళ్లు ల్యాబుకు వెళ్లి నెలల తర్వాత నివేదిక వస్తుంది. మొదటి రోజు వార్తకు మూడు కాలమ్‌లు ఇచ్చిన పేజీ, నివేదిక వచ్చిన రోజు ఒక్క పేరా అయినా ఇవ్వాలి. విలేకరి డైరీలో ఆ కేసు నంబరు, ల్యాబుకు పంపిన తేదీ రాసిపెట్టుకుని, మూడు నెలలకొకసారి స్టేషన్‌లో అడగాలి. లోపం ఆయుధానిదని తేలితే అదే బ్యాచ్ తుపాకులు మోస్తున్న మిగతా కానిస్టేబుళ్లకు అది తెలియాలి. అజాగ్రత్త అని తేలితే శిక్షణ ఇచ్చినవాళ్లు జవాబు చెప్పాలి. మరొకరి చేయి ఉందని తేలితే, మొదటి రోజు ‘మిస్‌ఫైర్’ అని రాసిన పేపరే ఆ మాట తప్పని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో చెప్పాలి.